కాటా మీద కిలోలు కాదు.. గడియారంలో సెకన్లు చూడండి

పోయిన ఏడాది సంగతి. డిగ్రీ ఫైనలియర్ కుర్రాడొకడు పూల్ గట్టు మీద నా పక్కన వచ్చి కూర్చున్నాడు. వంద మీటర్ల ఫ్రీస్టైల్ ఈదుతాడు. యూనివర్సిటీ జట్టు సెలక్షన్స్‌కి ఇంకా మూడు వారాలే ఉంది. మొహం పీక్కుపోయి ఉంది.

"సార్, ఆరు కిలోలు తగ్గిన. రాత్రి అన్నం మానేసిన. పొద్దున రెండు గుడ్లు, మధ్యాహ్నం కీరా ముక్కలు. అయినా టైమింగ్ ఒక సెకను పెరిగింది. ఇంకో మూడు కిలోలు తగ్గితే అయితదా సార్?" అని అడిగాడు.

"నిన్ను తగ్గమని ఎవరు చెప్పిన్రురా?" అన్నాను.

"హాస్టల్‌ల అందరూ అదే అంటున్రు సార్. రన్నింగ్ చేసేటోళ్లు బరువు తగ్గితే స్పీడు పెరుగుతది కదా. ఈతకు కూడా అంతే కదా" అన్నాడు.

అంతే కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలనే ఇది రాస్తున్నాను. నేను యూనివర్సిటీ స్థాయి దాకా ఈదినవాణ్ని. ఆ సర్టిఫికెట్ల బలంతోనే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం తెచ్చుకున్నవాణ్ని. ఇప్పుడు ఆఫీసుకి వెళ్లేముందు పొద్దున రెండు గంటలు పూల్ దగ్గర పిల్లలకు చేదోడుగా ఉంటున్నాను. ఏటా సెలక్షన్స్ ముందు ఇదే తంతు చూస్తున్నా. గడియారం చూసుకోవాల్సిన పిల్లలు వెయింగ్ మెషీన్ ఎక్కి దిగుతుంటారు. ఎంత తగ్గామో చెప్పుకుని మురిసిపోతారు. తీరా నీళ్లలో దిగాక వెనకబడతారు. వాళ్లు పోగొట్టుకునేది ఒక పతకం ఒక్కటే కాదు. ఇంటి పరిస్థితి అంతంతమాత్రంగా ఉన్నవాళ్లకు ఆ సర్టిఫికెట్ ఒక ఉద్యోగానికి దారి. ఆ దారిని కీరా ముక్కలతో మూసుకుంటున్నారు.

నీళ్లలో బరువు లెక్క వేరు

పోటీ పరీక్షలకు చదివే ప్రతి ఒక్కరికీ ఆర్కిమెడిస్ సూత్రం తెలుసు. నీళ్లలో మునిగిన వస్తువు ఎంత నీటిని పక్కకు నెడుతుందో, ఆ నీటి బరువుకు సమానమైన బలం దాన్ని పైకి నెడుతుంది. మార్కుల కోసం బట్టీ పట్టిన ఈ సూత్రాన్ని ఒక్కసారి మన ఒంటికి అన్వయించుకుని చూడండి. కొవ్వు నీటికంటే తేలిక. కండ నీటికంటే కాస్త బరువు. ఎముక ఇంకాస్త బరువు. ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటుంది. అన్నీ కలిపి చూస్తే మనిషి సాంద్రత నీటి సాంద్రతకు చాలా దగ్గరగా ఉంటుంది. అందుకే గుండెల నిండా గాలి పీల్చుకుని కదలకుండా ఉంటే చాలామంది తేలతారు.

దీని అర్థం ఏమిటి? నేల మీద పరిగెత్తేవాడు అడుగడుగుకీ తన బరువును పైకి ఎత్తి దించుకుంటాడు. ఒక కిలో తగ్గితే ఆ మేరకు భారం తగ్గినట్టే. ఈతగాడు తన బరువును మోయడు, నీళ్లే మోస్తాయి. అతను చేయాల్సిన పని ఎదురుగా ఉన్న నీళ్లను చీల్చుకుంటూ ముందుకు పోవడం. నీరు గాలికంటే దాదాపు 800 రెట్లు చిక్కన. అంచేత ఈతగాడికి అసలు శత్రువు బరువు కాదు, నీటి నిరోధం.

ఈ నిరోధానికి ఒక గుణం ఉంది. వేగం పెరిగేకొద్దీ అది ఇంకా ఎక్కువగా పెరుగుతుంది. సుమారుగా వేగం వర్గానికి అనులోమంగా ఉంటుందని చెబుతారు. వేగం 10 శాతం పెంచాలంటే నిరోధం 21 శాతం పెరుగుతుంది. దాన్ని దాటడానికి ఒంట్లోంచి తీయాల్సిన శక్తి, అంటే సెకనుకు చేసే పని, 33 శాతం పెరుగుతుంది. ఇప్పుడు చెప్పండి.. అంత శక్తి అవసరమైన ఆటకి రాత్రి భోజనం మానేసి వెళ్తే ఏం జరుగుతుంది?

ఒక చిన్న లెక్క వేద్దాం

అరిథ్‌మెటిక్ అంటే మీకు భయం లేదు కదా. వంద మీటర్లు సరిగ్గా 60 సెకన్లలో ఈదే 70 కిలోల కుర్రాణ్ని తీసుకుందాం. ఒంటి ఆకారం మారదు, టెక్నిక్ మారదు అనుకుందాం. నీళ్లకు ఎదురయ్యే ఒంటి వైశాల్యం ఎంత మారుతుంది, చేతులూ కాళ్లూ ఇచ్చే శక్తి ఎంత మారుతుంది అన్న రెండే చూద్దాం. ఇది పాఠం కోసం వేసుకున్న ముతక లెక్క. నిజం పూల్‌లో ఇంకా చాలా విషయాలు కలుస్తాయి. అయినా అసలు సంగతి అర్థం కావడానికి ఇది చాలు.

ఒకటి: అతను 7 కిలోలు పెరిగాడు. అంతా కొవ్వే. శక్తి పెరగలేదు. బరువు 10 శాతం పెరిగితే ఎదురు వైశాల్యం దాదాపు 6.6 శాతం పెరుగుతుంది. వేగం 2 శాతం పడిపోతుంది. టైమ్ 61.3 సెకన్లు.

రెండు: అవే 7 కిలోలు పెరిగాడు. కానీ జిమ్‌లో చెమటోడ్చి సంపాదించిన పనికొచ్చే కండ. శక్తి కూడా 10 శాతం పెరిగింది. టైమ్ 59.4 సెకన్లు. అంటే బరువు పెరిగి కూడా వేగం పెరిగింది.

మూడు: 7 కిలోలు తగ్గాడు. కొవ్వు మాత్రమే తగ్గింది, శక్తి చెక్కుచెదరలేదు. టైమ్ 58.6 సెకన్లు. అన్నింటికంటే మంచిది ఇదే.

నాలుగు: 7 కిలోలు తగ్గాడు. కానీ తిండి మానేసి తగ్గాడు. కొవ్వుతో పాటు కండ, నీరు, ఇంధనం అన్నీ పోయాయి. శక్తి 10 శాతం పడిపోయింది. టైమ్ 60.7 సెకన్లు. తగ్గాడు, నెమ్మదించాడు.

ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి ఇద్దరికీ కాటా మీద కనిపించే అంకె ఒక్కటే, 77 కిలోలు. గడియారంలో మాత్రం ఇద్దరికీ మధ్య దాదాపు 2 సెకన్ల తేడా. చివరి ఇద్దరి సంగతీ అంతే, ఇద్దరూ 63 కిలోలే. అక్కడా 2 సెకన్ల తేడా. అంటే "బరువు ఎంత?" అన్న ప్రశ్నకి వచ్చే జవాబు వేగం గురించి ఏమీ చెప్పదు. "ఆ బరువులో ఏముంది? అది ఎంత పని చేస్తుంది?" అన్నదే అసలు ప్రశ్న. ఈ ముతక లెక్క ప్రకారం బరువు 10 శాతం తగ్గినప్పుడు శక్తి 7 శాతం కంటే ఎక్కువ పడిపోతే నష్టమే. మూడు వారాల్లో కడుపు మాడ్చుకున్నవాడికి 7 శాతం శక్తి పోవడం పెద్ద కష్టమేమీ కాదు.

మరి మూడో రకంగా తగ్గొచ్చు కదా అంటారా? తగ్గొచ్చు. కాకపోతే అది నెలల పని, వారాల పని కాదు.

పతకాలు ఏ సైజులో వచ్చాయి?

సిద్ధాంతం వదిలేసి పోటీల చరిత్ర చూద్దాం. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో అమెరికాకు చెందిన జానెట్ ఎవాన్స్ మూడు స్వర్ణాలు గెలిచింది. అయిదున్నర అడుగుల బక్కపలచని అమ్మాయి. పక్క లేన్లలో ఆమెకంటే ఎత్తూ, భుజబలం ఉన్నవాళ్లు నిలబడ్డారు. 1989లో ఆమె 800 మీటర్ల ఫ్రీస్టైల్‌లో పెట్టిన 8 నిమిషాల 16.22 సెకన్ల ప్రపంచ రికార్డును 2008 దాకా ఎవరూ కదపలేకపోయారు. అలాగని బక్కగా ఉంటేనే గెలుస్తారనుకుంటే పొరపాటు. మైకేల్ ఫెల్ప్స్ 6 అడుగుల 4 అంగుళాల మనిషి, నిండైన భుజాలు. ఒలింపిక్స్‌లో 23 స్వర్ణాలు అతనివే. ఎత్తు ఉంటేనే గెలుస్తారనుకున్నా పొరపాటే. జపాన్‌కు చెందిన కొసుకె కితజిమ ఫెల్ప్స్ కంటే బాగా పొట్టి. 2004లోనూ 2008లోనూ 100, 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ రెండింట్లోనూ స్వర్ణం అతనిదే.

ఇంకా దగ్గరి ఉదాహరణ కామెరాన్ మెక్‌ఇవోయ్. ఆస్ట్రేలియా ఈతగాడు, ఫిజిక్స్ చదువుకున్నవాడు. అతను టోక్యో ఒలింపిక్స్ తర్వాత తన పాత ట్రెయినింగ్‌ను పక్కన పెట్టేశాడు. రోజూ కిలోమీటర్లకు కిలోమీటర్లు ఈదడం బాగా తగ్గించాడు. బలం పెంచే కసరత్తుల మీద పడ్డాడు. 2024 పారిస్‌లో 30 ఏళ్ల వయసులో 50 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణం గెలిచాడు. టైమ్ 21.25 సెకన్లు. 50 మీటర్ల పందేనికి కావాల్సింది ఏమిటో లెక్క కట్టుకుని, దానికే తయారయ్యాడు.

బరువు కంటే నిరోధం ముఖ్యమనడానికి ఇంకో రుజువు ఉంది. 2008, 2009 సంవత్సరాల్లో ఒంటిని బిగించి పట్టే పాలీయురేతేన్ సూట్లు వచ్చాయి. 2009లో రోమ్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో ఏకంగా 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. ఆ సూట్లు వేసుకున్నవాళ్ల బరువు ఒక్క గ్రాము తగ్గలేదు. సూటు ఒంటిని నున్నగా, బిగుతుగా చేసింది, నీళ్లలో కాస్త పైకి తేలేలా చేసింది. అంతే. 2010 జనవరి 1 నుంచి వాటిని నిషేధించారు.

కళ్లతో తూచడం ఎంత ప్రమాదమో చెప్పే ఉదాహరణ కూడా ఒకటి చెప్పాలి. ఆస్ట్రేలియా బ్రెస్ట్‌స్ట్రోక్ ఈతగత్తె లీజల్ జోన్స్. 2012 లండన్ ఆమెకు నాలుగో ఒలింపిక్స్. పోటీలు మొదలవకముందే అక్కడి పత్రిక ఒకటి ఆమె ఫొటోలు వేసి, ఆమె ఫిట్‌గా ఉందా లేదా అని పాఠకుల్ని ఓటు అడిగింది. అప్పటికే ఎనిమిది ఒలింపిక్ పతకాలున్న మనిషి ఆమె. ఆ లండన్‌లోనే మెడ్లీ రిలేలో రజతంతో తొమ్మిదో పతకం తెచ్చుకుంది. ఫొటో చూసి వేగం చెప్పగలిగితే ఇక పోటీలెందుకు, ఫొటో స్టూడియో చాలు కదా!

అయితే బరువు అసలు లెక్కే కాదా?

లెక్కే. ఎదుటివాళ్ల వాదనలో ఉన్న నిజాన్ని కాదనకూడదు. స్టార్టింగ్ బ్లాక్ మీద నుంచి దూకేటప్పుడు మీరు నేల మీద ఉన్నట్టే. అక్కడ మీ బరువును మీ కాళ్లే విసరాలి. కాళ్ల బలం పెరగకుండా బరువు పెరిగితే దూకుడు తగ్గుతుంది. టర్న్ దగ్గర గోడను తన్నేటప్పుడూ కదిలించాల్సింది మీ ఒంటినే. 50 మీటర్ల పందెంలో స్టార్ట్ చాలా పెద్ద భాగం. పొట్ట పెరిగితే నీళ్లకు ఎదురయ్యే వైశాల్యం పెరుగుతుంది, పై లెక్కలో మొదటి కుర్రాడి కథ అదే. పరీక్షల సెలవుల్లో ప్రాక్టీస్ మానేసి, బిర్యానీలు, కూల్‌డ్రింకులతో పెరిగిన కిలోలు ఎవరినీ వేగంగా ఈదనివ్వవు. వాటిని తగ్గించుకోవాల్సిందే.

మరోవైపు కొవ్వు అక్కరకొచ్చే ఈత కూడా ఉంది. ఇంగ్లిష్ చానల్ నీళ్లు వేసవిలో కూడా చల్లగానే ఉంటాయి. సంప్రదాయ నియమాల ప్రకారం మామూలు ఈత దుస్తుల్లోనే దాటాలి. గంటల తరబడి చలికి తట్టుకోవడానికి చర్మం కింది కొవ్వు దుప్పటిలా పనిచేస్తుంది. అందుకే అలాంటి ఈతకు తయారయ్యేవాళ్లలో చాలామంది కావాలనే కాస్త ఒళ్లు చేస్తారు. 1958లో మిహిర్ సేన్, 1959లో ఆరతీ సాహా దాటింది ఆ చల్లటి నీళ్లనే. అంటే ఒకే కొవ్వు ఒక పోటీలో అడ్డం, ఇంకో పోటీలో ఆసరా. ఏ పోటీయో తెలియకుండా "తగ్గు" అనడం, ఏ పరీక్షో తెలియకుండా "చదువు" అనడం లాంటిదే.

వయసు, ఆకారం గురించి ఇంకా అనుమానముంటే మన గోలి శ్యామల గారిని తలచుకోండి. నలభై దాటాక ఈత నేర్చుకుని, 2021లో పాక్ జలసంధిని ఈదిన మన తెలుగు మహిళ ఆమె. ఆమెను అవతలి ఒడ్డుకు చేర్చింది కాటా కాదు, సాధన.

కడుపు మాడితే చెయ్యి ఆడదు

ఇప్పుడు హాస్టల్ డైటింగ్ సంగతి. తిండి ఒక్కసారిగా తగ్గించగానే మొదటి వారంలోనే రెండు మూడు కిలోలు తగ్గుతాయి. అది చూసి పొంగిపోతాం. నిజానికి అప్పుడు పోయేదాంట్లో ఎక్కువ భాగం కొవ్వు కాదు. కండల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్, దాంతో పాటు నీరు. ఒక గ్రాము గ్లైకోజెన్ దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అది ఖాళీ అయితే కాటా మీద అంకె గబగబా దిగుతుంది. కానీ వంద, రెండు వందల మీటర్ల పందేల్లో మన ఇంజిన్‌కి పెట్రోలు అదే. ట్యాంకు ఖాళీ చేసి బండి తేలికైందని సంబరపడితే ఎలా?

ఇలాగే నెలల తరబడి తక్కువ తిని ఎక్కువ శ్రమ చేస్తే ఇంకా పెద్ద నష్టం. దీనికి వైద్యులు ఒక పేరే పెట్టారు, రెడ్-ఎస్. అంటే ఆటకు సరిపడా శక్తి ఒంటికి అందకపోవడం. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే దీని మీద హెచ్చరిక విడుదల చేసింది, ఆ తర్వాత 2018లో, 2023లో మళ్లీ సవరించింది. ఎముకలు బలహీనపడతాయి. మాటిమాటికీ జలుబు, జ్వరం వస్తాయి. గాయాలు త్వరగా మానవు. నిద్ర, ఏకాగ్రత దెబ్బతింటాయి. అమ్మాయిల్లో నెలసరి తప్పుతుంది. కొందరు కోచ్‌లు, కొందరు సీనియర్లు "ప్రాక్టీస్ గట్టిగా చేస్తున్నావు కాబట్టి అలాగే ఉంటుంది" అని కొట్టిపారేస్తారు. అది అబద్ధం. నెలసరి ఆగడం ఫిట్‌నెస్‌కి గుర్తు కాదు, ఒళ్లు చేతులెత్తేస్తోందన్నదానికి గుర్తు. మూడు నెలలు వరసగా రాకపోతే సిగ్గుపడకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇది అబ్బాయిలకు రాని జబ్బనీ అనుకోవద్దు. వాళ్లలోనూ హార్మోన్లు పడిపోతాయి, బయటికి కనిపించదంతే.

జట్టులో అందరి ముందూ బరువు తూచి, వెక్కిరించే అలవాటు ఇంకా చాలాచోట్ల ఉంది. నేనూ అది పడ్డవాణ్నే. అందరి ముందు "దున్నపోతులా తయారయ్యావు" అనిపించుకున్న రోజు రాత్రి నేను అన్నం ముట్టలేదు. మర్నాడు సరిగ్గా ఈదలేదు కూడా. నా అభిప్రాయం సూటిగా చెబుతా.. నలుగురిలో బరువు చదివి నవ్వే కోచ్ క్రమశిక్షణ నేర్పడం లేదు, తన పని తప్పించుకుంటున్నాడు. టెక్నిక్ దిద్దడం కష్టం. బరువు మీద జోకు వేయడం తేలిక.

ఉద్యోగానికి వచ్చేసరికి..

మీరు ఈ పేజీ తెరిచింది ఉద్యోగం కోసం కాబట్టి ఆ లెక్కకీ వద్దాం. రైల్వేలు, పోలీసు, కేంద్ర సాయుధ బలగాలు, పోస్టల్ వంటి శాఖల్లో స్పోర్ట్స్ కోటా ఉంది. ఈత అర్హత ఉన్న క్రీడల్లో ఒకటి. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడిన సర్టిఫికెట్‌కి అక్కడ విలువ ఉంటుంది. ఆ కోటాలో చూసేది మీరు ఏ స్థాయిలో ఆడారు, ఏ స్థానం తెచ్చుకున్నారు, ట్రయల్స్‌లో టైమింగ్ ఎంత అని. సర్టిఫికెట్ మీద మీ బరువు రాసి ఉండదు.

యూనిఫాం ఉద్యోగాల సంగతి కాస్త వేరు. వాటిలో వైద్య పరీక్షలో ఎత్తుకు తగ్గ బరువు చూస్తారు. అందుకే నోటిఫికేషన్‌లోని శారీరక ప్రమాణాల పేజీని మొదటి రోజే చదవండి. ఎత్తూ బరువుల నిష్పత్తి చెప్పే బీఎంఐకి కండా కొవ్వూ తేడా తెలియదు. 175 సెంటీమీటర్ల ఎత్తున్న కండగల కుర్రాడు 78 కిలోలుంటే బీఎంఐ 25 దాటుతుంది. కాగితం మీద అధిక బరువే. మీరు అలాంటివారైతే ముందే తెలుసుకుని, పోటీలు లేని నెలల్లో వారానికి అరకిలో చొప్పున నింపాదిగా తగ్గండి. మెడికల్ టెస్టు వచ్చే వారం అనగా నీళ్లు మానేసి తగ్గడానికి చూడొద్దు.

విర్ధవళ్ ఖాడే కథ తెలుసా? 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 50 మీటర్ల బటర్‌ఫ్లైలో కాంస్యం గెలిచాడు. 1986లో ఖజాన్ సింగ్ రజతం తర్వాత ఆసియా క్రీడల ఈతలో మనకు వచ్చిన పతకం అదే. తర్వాత మహారాష్ట్రలో తహసీల్దార్ ఉద్యోగంలో చేరాడు. కొన్నేళ్లు ఈతకు దూరమయ్యాడు. మళ్లీ నీళ్లలోకి దిగి 2018 జకార్తాలో 50 మీటర్ల ఫ్రీస్టైల్ ఫైనల్ 22.47 సెకన్లలో ఈదాడు. సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం చేజారింది. ఆ వేగం దగ్గర నూరో వంతు అంటే దాదాపు 2 సెంటీమీటర్లు. గోడను ముట్టుకునేటప్పుడు వేళ్లు చాచడంలో వచ్చే తేడా అంత ఉంటుంది! కేరళ పోలీసు ఉద్యోగి సజన్ ప్రకాశ్ 2021లో 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1 నిమిషం 56.38 సెకన్లలో ఈది, ఒలింపిక్స్ 'ఎ' ప్రమాణం అందుకున్న తొలి భారతీయ ఈతగాడయ్యాడు. ఉద్యోగం, ఈత రెండూ చేయొచ్చని చూపించిన వాళ్లు వీళ్లు.

పతకం రాకపోయినా ఈ సబ్జెక్టులో దారులున్నాయి. పటియాలలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ కోచింగ్ డిప్లొమాలు ఇస్తుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మన ఇంటి పక్కనే ఉంది. ఆటగాళ్లకు ఏం తినాలో శాస్త్రీయంగా చెప్పేవాళ్లు మన రాష్ట్రాల్లో అవసరమైనంత మంది లేరు. "రాత్రి అన్నం మానెయ్" అనే సలహా ఉచితంగా దొరుకుతున్నది అందుకే. న్యూట్రిషన్, ఫిజియోథెరపీ, స్పోర్ట్స్ సైన్స్ చదివేవాళ్లు ఆ ఖాళీని చూడాలి.

మరి ఏం కొలవాలి?

కాటా వద్దంటే సరిపోదు, బదులుగా ఏం చూడాలో చెప్పాలి కదా. ఒక నోటు పుస్తకం కొనుక్కోండి. ఇవి రాయండి.

• టైమ్, చేతుల లెక్క: 25 మీటర్లు ఎన్ని సెకన్లలో, ఎన్ని చేతులు వేసి ఈదారో రాయండి. అదే టైమ్‌కి చేతులు తగ్గుతున్నాయంటే టెక్నిక్ మెరుగవుతున్నట్టే. ఎంత డైటింగ్ చేసినా రాని లాభం ఇది.

• మొదటి 15 మీటర్లు: దూకిన దగ్గర్నుంచి 15 మీటర్ల గీత దాకా టైమ్ విడిగా తీయించుకోండి. బరువు, కాళ్ల బలం ప్రభావం ఎక్కువగా కనిపించేది ఇక్కడే.

• బలం: పుల్-అప్స్ ఎన్ని, నిలబడిన చోటు నుంచి ఎంత దూరం గెంతగలరు. బరువు తగ్గుతూ ఇవి కూడా తగ్గుతున్నాయంటే కండ పోతోందని అర్థం. ఆ క్షణమే ఆపండి.

• బరువు: వారానికి ఒక్కసారే, పొద్దున్నే, పరగడుపున. రోజూ ఎక్కితే నీటి హెచ్చుతగ్గులకే బెంబేలెత్తుతారు. దాంతో పాటు టేపుతో నడుము కొలత రాసుకోండి. బరువు అంతే ఉండి నడుము తగ్గితే మీరు సరైన దారిలో ఉన్నట్టే.

• తిండి: ఆటగాడికి రోజుకు కిలో బరువుకి 1.2 నుంచి 2 గ్రాముల ప్రొటీన్ కావాలంటారు నిపుణులు. 65 కిలోల మనిషికి 78 గ్రాములకు తగ్గకూడదన్నమాట. డబ్బాల పౌడర్లే కొనక్కర్లేదు. గుడ్లు, పప్పు, ఉడికించిన శనగలు, పల్లీలు, పాలు, పెరుగు, వీలైతే చేపలు చాలు. అన్నం, రొట్టె శత్రువులు కావు. ప్రాక్టీస్ ముందూ తర్వాతా అవే మీ ఇంధనం.

• నిద్ర: ఎన్ని గంటలు పడుకున్నారో రాయండి. రాత్రి రెండింటి దాకా ఫోన్ చూసి, పొద్దున అయిదింటికి పూల్‌కి వచ్చేవాణ్ని ఏ డైటూ కాపాడలేదు.

నెల తర్వాత ఆ పుస్తకం తిరగేయండి. మీ వేగం దేనితో పెరిగిందో, దేనితో తగ్గిందో మీకే కనిపిస్తుంది. అప్పుడు సీనియర్ మాటా అక్కర్లేదు, నా మాటా అక్కర్లేదు.

కీరా ముక్కల కుర్రాడి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ సాయంత్రమే వాణ్ని మెస్‌కి పంపి పప్పన్నం తినమన్నాను. మూడు వారాల్లో మూడు కిలోలు తిరిగి వచ్చాయి, పోయిన సెకనూ తిరిగి వచ్చింది. కానీ కొత్తగా ఏమీ కలవలేదు. జట్టులో చోటు ఒక్క స్థానం తేడాతో తప్పిపోయింది. డైటింగ్‌లో పోగొట్టుకున్న ఆ నెలన్నరలో టర్న్ దిద్దుకుని ఉంటే వచ్చేదేమో. ఆ మాట వాడే అన్నాడు. ఇప్పుడు పీజీలో చేరాడు. ఈ ఏడాది వాడి నోటు పుస్తకంలో బరువు ఆఖరి గడిలో ఉంది.

ఉద్యోగాల వేటలోనూ మనం ఇలాంటి తప్పే చేస్తుంటాం. ఎన్ని గంటలు చదివాం, ఎన్ని కోచింగ్‌లు మార్చాం, ఎన్ని అప్లికేషన్లు పెట్టాం అని లెక్కపెట్టుకుంటాం. అవి తేలిగ్గా కొలవగలిగిన అంకెలు. నిన్న చేయలేని లెక్క ఇవాళ చేయగలుగుతున్నామా అన్నదే అసలు కొలత. తేలిగ్గా దొరికే అంకె కాబట్టి దాన్ని నమ్ముకోకండి. మీ పోటీ దేన్ని కొలుస్తుందో, మీరూ దాన్నే కొలవండి. పూల్‌లో అయితే అది గడియారం.